మూడు ముక్కల కొండ

మాఘమాసం వచ్చిందంటే భవానీపురంలో మా డాబా మీద ఆరేసిన బట్టలకు ఎక్కడినుంచో ఎండుగడ్డి కాలిన వాసన పట్టుకుంటుంది. మా కోడలు ముక్కు చిట్లించి వాటిని మళ్లీ వాషింగ్ మెషిన్‌లో వేస్తుంది. నేను మాత్రం నా దుప్పటి తీసి అలాగే మడిచి పెట్టుకుంటాను. కొండపల్లిలో గడిచిన నా చిన్నతనానికి ఆ వాసనే ఉండేది.

నాన్న అక్కడ అటవీ శాఖలో గార్డు. మా ఇంటి వెనక కొండవాలును రెండు రాళ్ల వాగులు మూడు ముక్కలుగా విడగొట్టేవి. ఏడాదికొక ముక్క చొప్పున, మంచు తడి ఇంకా ఆరని పొద్దుటి పూట, గాలికి ఎదురుగా, పైనుంచి కిందికి నిదానంగా నాన్న కాల్పించేవాడు. అలా కాలిస్తే మంట మోకాలి ఎత్తు దాటదనీ, వేసవిలో ఎవరి బీడీ నిప్పు పడినా కొండంతా అంటుకోదనీ చెప్పేవాడు. మర్నాడు పిల్లలం తాటిమట్టల మీద కూర్చుని ఆ నల్లటి వాలు మీద జారి, కళ్లూ పళ్లూ తప్ప తెల్లగా ఏమీ మిగలకుండా ఇంటికి చేరితే, అమ్మ గుమ్మం బయటే నిలబెట్టి బిందెలతో నీళ్లు గుమ్మరించేది.

కాలిన ముక్క ఏడాదికొక రూపం పొందేది. మొదటి వానలకు గడ్డి విరగబడి పెరిగేది, పాకలు కప్పుకునేవాళ్లు కొడవళ్లతో వచ్చేవారు. రెండో వానాకాలానికి గడ్డి కాస్త పలచబడి, దాని సందుల్లో నేలవేము, నీలిరంగు పూల మొక్కలు, సుగంధి తీగలు తలెత్తేవి. మూడో ఏటికి వాక్కాయ పొదలు కాపుకొచ్చి, ఆ సీజనంతా మా ఇంట్లో రోజు విడిచి రోజు వాక్కాయ పప్పే. కొండంతా ఏటా కాల్చమని గడ్డి కోసేవాళ్లు నాన్నను బతిమాలేవారు. ఏటా కాలిస్తే గడ్డి తప్ప ఏదీ మిగలదని, అసలు కాల్చకపోతే పొదలు కమ్మేసి గడ్డి కూడా మిగలదని ఆయన ఓపికగా చెప్పి పంపేవాడు.

ఈ వంతు మీద ఆధారపడి బతికేది మరియమ్మ. చర్చి పక్క పాకలో ఒంటరిగా ఉండేది. కాలిన తరవాత రెండో కార్తీకానికి సుగంధి వేరు చిటికెన వేలంత బలుస్తుంది. అప్పుడు చిన్న గునపంతో తవ్వి, వేరు మొదలు వదిలేసి మట్టి కప్పి, ఎండబెట్టిన వేళ్లను కట్టలు కట్టి బెజవాడ వన్‌టౌన్‌లో మందుల దినుసుల కొట్టుకు వేసేది. చలికాలమంతా ఆమెకు అదే తిండి. మాకో కట్ట ఊరికే ఇచ్చేది. నీళ్లకు చలవ, కమ్మటి వాసన వస్తాయని అమ్మ దాన్ని వేసవిలో మంచినీళ్ల కుండలో వేసేది.

కాల్చాల్సిన ముక్క అంచు రాళ్లకు సున్నంతో గీత పెట్టడం నాకిష్టమైన పని. నాకు తొమ్మిదేళ్లప్పుడు, నాన్న జ్వరంతో పడుకుని, ఏ ముక్క ఎప్పుడు కాలిందో రాసుకునే తన నోటుబుక్కు చూసి, తెల్లారగానే గీతలు పెట్టి రమ్మన్నాడు. బుక్కు బీరువా మీద ఉంది, నాకు అందదు. స్టూలు తెచ్చుకోవడానికి బద్ధకించి, సున్నం డబ్బా పట్టుకుని కొండకు వెళ్లాను. కోట వైపు ముక్కలో గడ్డి నా తల దాటి నిలిచింది. వాగు అవతలి ముక్కలో వాక్కాయ పొదల నీడకు గడ్డి పలచగా ఉంది. ఎక్కువ గడ్డి ఉన్నదే కాలి ఎక్కువ రోజులై ఉంటుందనుకున్నాను. కిందటేడు కాలింది కాబట్టే అంత గడ్డి పెరిగిందని నాకు తోచలేదు. కోట వైపు ముక్కకే గీతలు పెట్టాను. నాన్న కింద కొత్తగా చేరిన వాచర్లు వాటిని చూసి, ఆ పొద్దుటే దాన్ని మళ్లీ కాల్చేశారు.

మధ్యాహ్నానికి మరియమ్మ మా గుమ్మం ముందుంది. నాన్న దుప్పటి కప్పుకుని బయటికొచ్చాడు.

"జరం మీకా, మీ పుస్తకానికాండీ గార్డుగారూ? కోట వైపుది మళ్లీ తగలెట్టించారేంటండీ? వచ్చే కార్తీకానికి నేనేం తవ్వుకోను?"

నాన్న తలుపు పక్కన నిలబడిన నా వైపు ఒకసారి చూశాడు. "పొరపాటు నాదే మరియమ్మా. గుర్తు నేనే తప్పు చెప్పాను."

ఆయన నన్ను తిట్టలేదు. కాలాల్సి ఉండి మిగిలిపోయిన వాగు అవతలి ముక్కలో మూడేళ్ల ఎండుటాకు పేరుకుని ఉంది కనక, ఆ వేసవంతా దానికి కాపలా కాశాడు. ఇప్పటికీ నేను రాసుకునే డైరీలు మొదలైంది ఆ రాత్రే.

కార్తీకంలో మరియమ్మ ఒక్క వేరు తవ్వి చూసింది. దారప్పోగంత ఉంది. మళ్లీ మట్టి కప్పేసి, పాక తలుపుకి తీగ చుట్టి, వరికోతలకు గుడివాడ వైపు వెళ్లిపోయింది. క్రిస్మస్‌కి మా ఇంటికి ఆమె అరిసెలు రాలేదు. ఆ తీగ చుట్టిన తలుపు ముందు నుంచే నేను రోజూ బడికి వెళ్లేదాన్ని.

ఆ పై కార్తీకంలో వేరు బలిసింది. బుట్ట పట్టుకోవడానికి మరియమ్మ నన్ను రమ్మంది. తవ్వుతున్న ఆమె వీపు చూస్తూ, ఆ గీతలు నేనే పెట్టానని చెప్పేశాను.

"తెలుసులే పాపా. ఆ రోజు నీ గౌనంతా సున్నమేగా."

"మరి నాన్నతో అనలేదేం?"

"ఆయన మీదేసుకున్నాక నేనేం అంటాను? మొన్న మాఘంలో నువ్వు గీతలు పెడుతుంటే వచ్చి పక్కనే నిలబడ్డానా లేదా?"

నిజమే. నీళ్లు తాగడానికొచ్చి ఆగిందనుకున్నాను.

మొన్న మనవరాలి స్కూటీ మీద కొండపల్లి వెళ్లాను. వంతుల సంగతి ఇప్పుడెవరికీ తెలియదు. ఎవరో విసిరిన నిప్పుకు ప్రతి వేసవీ మూడు ముక్కలూ ఒకేసారి కాలుతున్నాయట. వాక్కాయ పొదల చోట నల్లటి మోళ్లున్నాయి. వాలు నిండా గడ్డే, మంచి ఎత్తు గడ్డి. కోసుకుంటున్న ఒకామెను సుగంధి తీగ ఎక్కడైనా కనిపిస్తుందా అని అడిగాను.

"సోడా కొట్లో బాటిల్లో అమ్ముతారే, అదాండీ? అది మొక్కా?"

ఆకు సన్నగా, పొడుగ్గా, మధ్యలో తెల్లటి చార ఉంటుందని వేలితో అరచేతిలో గీసి చూపించాను. ఆవిడ శ్రద్ధగా చూసింది, నా కోసం చుట్టూ ఒకసారి వెతికింది, లేదండీ అని చెప్పి మళ్లీ గడ్డి కొయ్యడానికి వంగింది.