జొన్నల పాతర

గద్వాలలో మా ఇంటి కిటికీ దగ్గర, నా బిడ్డ నిన్న నానిన జొన్నలను సీసాలో పోసి గట్టిగా మూత పెట్టింది. బడిలో చెప్పిన ప్రయోగమట. ఇవాళ మూత తీయగానే పులిసిన వాసన గుప్పుమంది. వెలిగించిన అగ్గిపుల్లను లోపల పెడితే టక్కున ఆరిపోయింది.

"అమ్మా, గింజలు గూడ ఊపిరి తీసుకుంటయంట. సీసల గాలంత అవే వాడుకున్నయి," అంది.

ఆ వాసన నాకు తెలుసు. నా చిన్నప్పుడు మా ఊరి పటేలు జొన్నలను పాతరలో, అంటే నేలలో తవ్విన లోతైన గుంతలో దాచేవాడు. దాన్ని తెరిచినప్పుడల్లా మొదట తాడుతో కందిలి దింపేవారు. అది వెలుగుతుంటేనే మనిషి దిగాలి. ఒకసారి కందిలి ఆరిపోయింది. పైన వానమబ్బు కమ్ముకొస్తోంది.

"ఏం గాదు, జల్ది దిగురా," అన్నాడు పటేలు మా చిన్నాయనతో.

దిగిన చిన్నాయన ప్రాణంతో పైకి రాలేదు.

"తానం చెయ్యకుండ దిగిండు. పాతర లచ్చిమికి కోపమొచ్చింది," అన్నాడు అదే పటేలు. నేను నమ్మాను. చాలా ఏళ్లు జొన్నరొట్టె ముట్టే ముందు మోచేతుల దాకా కడుక్కునేదాన్ని.

గింజల ఊపిరి సంగతి పటేలుకు తెలియకపోవచ్చు. దీపం ఆరితే మనిషి దిగకూడదని మాత్రం తెలుసు. అయినా ఏటా ఆ పాతర దగ్గర కోడిని కోసి, మా తప్పు కాయమని మొక్కింది మేమే.