నొప్పి తగ్గిన మోకాలు

తొంభైల మొదట్లో, మా ఊరు చిట్కుల్‌లో కబడ్డీ ఆడుతుంటే నా ఎడమ మోకాలు మెలిపడి లోపల ఏదో పటుక్కుమంది. లిగమెంట్ దెబ్బతిన్నదని పటాన్‌చెరు డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ ఇప్పుడే వద్దు, వాపు తగ్గాక వ్యాయామాలు చేయాలని ఒక్క మాట అనేసి తర్వాతి రోగిని పిలిచాడు. ఏ వ్యాయామాలో, ఎవరు చేయిస్తారో అడిగే సందు కూడా ఇవ్వలేదు.

అప్పటికి మా పొలంలో బోరు ఎండిపోయింది. ఇల్లు నడిచేది నా జీతంతోనే. కంపెనీ షెడ్డులో, ఇనుము చెక్కే లేత్ మిషన్ ముందు షిఫ్టంతా నిలబడే పని. నా కోసం ఎక్కువ రోజులు ఆగనని, పనిలో పెట్టిన కాంట్రాక్టర్ ముందే చెప్పేశాడు.

సలహాలకేం, అడగకుండానే వచ్చాయి. మా షెడ్డు ఫిట్టర్ "లూజైన బోల్టును బిగియ్యాలె గదనే" అంటూ రక్తం ఆడనంతగా పట్టీ చుట్టాడు. పక్కింటి పెద్దాయన నువ్వుల నూనెతో గట్టిగా రుద్దమన్నాడు. నయమైన ఎవరో ఒకరి కథ అందరి దగ్గరా ఉంది. నా మోకాలు పట్టి చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

అమ్మ నన్ను మంచం దిగనివ్వలేదు. మా ఇళ్లలో జబ్బు మనిషి మీద ప్రేమంటే అదే. నొప్పి తగ్గగానే నయమైపోయిందని అందరం సంబరపడ్డాం. డ్యూటీకి వెళ్లాను. మిషన్ దగ్గర పక్కకు తిరిగానో లేదో మోకాలు జారి కూలబడ్డాను. నొప్పి కంటే భయమే ఎక్కువ వేసింది. ఇక ఏ పనికీ పనికిరానేమో అనిపించింది.

మళ్లీ ఆ డాక్టరు దగ్గరికే వెళ్లి, ఈసారి వ్యాయామాలు ఎవరు చేయిస్తారో చెప్పేదాకా కుర్చీ వదల్లేదు. పట్నంలో ఒక ఆసుపత్రిలోని ఫిజియోథెరపీ గదికి పంపాడు. అమ్మ కూడా వచ్చింది.

అక్కడి డాక్టరమ్మది చిన్న వయసు. రెండు మోకాళ్లూ నొక్కి, వంచి, పోల్చి చూసింది. నన్ను నడిపించింది.

"డ్యూటీ ఎప్పుడెక్కాలె మేడం?" అన్నాను.

"ఇప్పుడే చెప్పలేను. కాలికి బలం వచ్చేదాన్ని బట్టి చూద్దాం."

అన్నాళ్లలో తెలియదన్న మొదటి మనిషి ఆవిడే. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది. అమ్మకు కుదరలేదు.

"దెబ్బ తాకిన కాలు కదిలిస్తె ఇంక ఖరాబైతది గదమ్మా?"

డాక్టరమ్మ అమ్మ చేతులు తీసుకుని నా రెండు తొడల మీద పెట్టింది. అమ్మ ఒకటి పట్టి చూసింది, తర్వాత రెండోది. ఎడమది చిక్కి వదులైపోయింది. అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేనే పండవెట్టి ఎండవెట్టిన. మళ్ల నిండుతదా బిడ్డా?"

"నిండుతుందమ్మా. నేను చూపించే వ్యాయామాలు రోజూ చేయించండి. కొంచెం నొప్పి ఉంటుంది. వాపు వస్తే మాత్రం ఆపి, తీసుకురండి."

మళ్లీ లేత్ ముందు నిలబడ్డాను, చాలా నెలలకు, వేరే కంపెనీలో. కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆసుపత్రికి వెళ్లొచ్చిన మర్నాటి పొద్దు. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, డాక్టరమ్మ చూపినట్టే, తాను పది లెక్కపెట్టేదాకా అదిమి పట్టమంది అమ్మ. అదిమాను, అమ్మా అని అరిచాను. ఇంట్లోనే ఉన్న మేనత్త పరుగున వచ్చింది.

"వదినె, పోరడు గంత మొత్తుకుంటుంటె ఎందుకు సతాయిస్తవ్?"

"నువ్వు ఆ తొడ పట్టి సూడలె. సప్పుడు జెయ్యకు."

నేను మళ్లీ అరిచాను. చూడలేక అమ్మ గోడవైపు ముఖం తిప్పుకుంది. అంకెలు లెక్కపెట్టడం మాత్రం ఆపలేదు.