తలవెనక గోడ

వెల్లకిల ఈతలో మనం చేరవలసిన గోడ మనకు కనపడదు. ఆ ఒక్క సంగతి నన్ను ఏడాది పొడుగునా పీడించింది.

డెబ్బయ్యో దశకం చివరి మాట. అప్పుడు నేను పుంగనూరులో గుమాస్తాను. మా శాఖ ఉద్యోగులకు ఏటా బెంగుళూరులో ఆటల పోటీలు జరిగేవి. యాభై మీటర్ల వెల్లకిల ఈతలో మొదటి ఇద్దరిని అఖిల భారత పోటీలకు పంపేవారు. నలభై దాటినవాళ్లను ఈతకు తీసుకునేవారు కాదు. నేను మొదటిసారి పోటీకి దిగేసరికే నాకు ముప్పై తొమ్మిదేళ్లు. సగం దూరం దాకా ముందున్నాను. ఆ తరువాత భుజం వరసల మధ్య కట్టిన తాడును రాసుకుంది, చేయి దానికి తగులుకుంది. అందరికన్నా చివర వచ్చాను. ఇక మిగిలింది మరుసటి ఏడాది పోటీ ఒక్కటే.

తప్పు ఎక్కడుందో చూసుకోవడానికి మదనపల్లె దగ్గర మా ఊరి బావికి వెళ్లాను. నేను ఈత నేర్చింది అందులోనే. గుండ్రటి బావి. వెల్లకిలా పడుకుని, పైన ఒర అంచును చూస్తూ, దాని వెంబడే ఈదేవాణ్ణి. ఆ రోజూ కళ్లు అంచు మీద నిలిపి కొన్ని బారలు వేశాను. ఏ ప్రయత్నమూ లేకుండానే చుట్టు తిరిగి మొదటి చోటికే వచ్చాను. ఎడమచేయి నీటిని లోతుగా తోస్తోంది, కుడిచేయి పైపైన పోతోంది. చిన్నప్పటి నుంచి నేను ఈదింది గుండ్రంగానే. ఆ బావిలో గోడ ఎప్పుడూ పక్కనే ఉండేది, తలవెనకకు ఏనాడూ రాలేదు. ఆ రాత్రి డైరీలో బావి బొమ్మ గీసి, నేను తిరిగిన దారిని బాణం గుర్తులతో చూపించుకున్నాను.

తిన్నగా ఈదడానికి తిన్నని నీళ్లు కావాలి. మా బావమరిది కుప్పంలో గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజరు. అక్కడ పని ఆపేసిన గుంత ఒకటి వాననీటితో నిండి ఉండేది. బండను నిలువుగా కోసినందువల్ల గోడలు గీత గీసినట్టుండేవి. పొడవు ఇరవై ఐదు మీటర్లకు కాస్త ఎక్కువే. శనివారం ఆఫీసు వదలగానే నేనూ నా భార్యా పలమనేరు మీదుగా బస్సులో అక్కడికి చేరేవాళ్లం. తెల్లవారి ఎండ ఎక్కేదాకా నీళ్లలోనే ఉండేవాణ్ణి.

తల కదలకపోతేనే ఒళ్లు తిన్నగా పోతుంది. అందుకని నుదుటి మీద పలచటి రాతిచెక్క పెట్టుకుని, అది జారకుండా చేతులు ఒంటికి ఆనించి కాళ్లతోనే పోవడం మొదటి సాధన.

"బావా, కాళ్లు ఇంకొంచెం ఆడించు," అని గట్టు మీద నుంచి అరిచేవాడు బావమరిది. "సూసినోళ్లు మోసేదానికి నలుగుర్ని పిలస్తారు!"

"నోరు మూసుకోరా! పొద్దున్నే ఏం మాటలవి?" అని నా భార్య తమ్ముణ్ణి కసిరేది.

తరువాత కుడిచేతి వంతు. చిటికెన వేలు ముందుగా నీటిలోకి దిగాలి, మోచేయి వంచి నీటిని తొడదాకా తోయాలి. రెండు నెలలు పట్టింది. తిన్నగా పోవడం వచ్చిన రోజే నా తల బండకు కొట్టుకుంది.

కుట్లు పడ్డాయి. నా భార్య నెల రోజులు నీళ్ల దగ్గరికి పోనివ్వలేదు. గాయం మానింది గాని, భయం మెడలో ఉండిపోయింది. గోడ దూరంగా ఉండగానే తల తనంతట తానే వెనక్కి తిరిగేది. తల తిరిగితే నడుము కుంగుతుంది. నడుము కుంగితే కాళ్లు ఎంత కొట్టినా ఒళ్లు ముందుకు సాగదు. అంత చిన్న పందెంలో రెండో స్థానం పోగొట్టుకోవడానికి అది చాలు.

పోటీ కొలనులో గోడకు అయిదు మీటర్ల ఇవతల, పైన అడ్డంగా జెండాల తాడు ఉంటుంది. మందు పేల్చేటప్పుడు హెచ్చరికగా కట్టే ఎర్రగుడ్డలతో బావమరిది గుంత మీద అలాంటిదే బిగించాడు. తాడు దాటాక అయిదు బారలు, అయిదోదానికి చేయి బండను తాకాలి. లెక్క నాకు కంఠతా వచ్చు. అయినా మూడో బారకు మెడ తిరిగేది. పోటీ మూడు వారాల్లోకి వచ్చినా తిరుగుతూనే ఉంది.

ఆ ఆదివారం బావమరిది నీళ్లలోకి దిగి, గోడలో పొడుచుకొచ్చిన బండను పట్టుకుని నిలబడ్డాడు.

"నేను ఈడ్నే ఉండా. నా కడుపు మెత్తగుంటాది, వచ్చి గుద్దుకో."

"కదలవు కదా?"

"యాడికి పోతా బావా? నువ్వు రా."

రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ తల తిప్పలేదు, చేయి అతని పొట్టకే తగిలింది. మూడోసారి తగిలింది చల్లటి బండ. ఉలిక్కిపడి చూస్తే అతను పక్కకు జరిగి నవ్వుతున్నాడు.

"తల పగిలుంటే?" అని అరిచాను.

"చెప్పింటే సూస్తావు కదా!"

నా భార్య గట్టు మీద నుంచి తమ్ముణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. కానీ ఆ రోజు నుంచి మెడ నా మాట వింది.

పోటీకి ముగ్గురం కుప్పంలో రైలెక్కాం. మొదటి స్థానం కిందటేడు గెలిచినవాడిదేనని అందరికీ తెలుసు, మిగిలింది రెండోదే. కొలనులో నా పక్క వరసలో ఒక కుర్ర ఉద్యోగి ఉన్నాడు. వెల్లకిల ఈతలో వెనకబడినవాళ్లే కనిపిస్తారు, ముందున్నవాళ్లు కనపడరు. సగం దూరం దాటాక అతను నాకు కనపడలేదు. భుజాలు మండుతున్నాయి. అతని చేతుల చప్పుడు నా చెవి పక్కకు వచ్చింది, అంటే మళ్లీ సమానమయ్యాం. జెండాలు పైనుంచి దాటాయి. ఒకటి. రెండు. మూడో బారకు మెడ నరాలు బిగుసుకున్నాయి. ఈ గోడ ముందు ఎవరి పొట్టా లేదు. చూశానంటే రెండో స్థానం అతనిదే. నాలుగు. అయిదో బార పూర్తి విసురుతో దిగుతుండగానే చేయి గోడకు కొట్టుకుంది. పందెం వేగంలో ఒక్కొక్క బార పొడుగైంది. క్వారీలో కుదిరిన లెక్కకన్నా గోడ ముందే వచ్చింది.

స్టాప్‌వాచీలు పట్టుకున్నవాళ్లు ఒకచోట చేరి చాలాసేపు మాట్లాడుకున్నారు. అంతసేపూ చేతిని నీళ్లలోనే ఉంచుకున్నాను. చివరికి రెండో స్థానం నాదన్నారు. బావమరిది ఈల వేశాడు. చేయి పైకెత్తితే ఉంగరపు వేలు పక్కకు వంగి ఉంది.

మదనపల్లెలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, చేతికి పిండికట్టు వేసి, నెల రోజులు తడపవద్దన్నాడు. అఖిల భారత పోటీలు రెండు వారాల్లో ఉన్నాయి. నా బదులు పక్క వరస కుర్రవాణ్ణి పంపుతారు.

బయట బెంచీ మీద నా భార్య కూర్చుని ఉంది.

"ఏమన్నాడు?"

"నెల."

ఆమె కట్టు వైపు చూసింది. "ఆ ఒక్క తూరి వెనక్కి సూసింటే ఏమయ్యేది?"

"రెండో స్థానం పోయేది."

"ఇప్పుడు మాత్రం యాడుండాది?"

పుంగనూరు బస్సు వచ్చింది. ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కాను. సీటు దొరికాక ఆమె నా కట్టు చేతిని తన ఒడిలోకి తీసుకుని, కుదుపులకు దేనికీ తగలకుండా ఊరు వచ్చేదాకా పట్టుకుంది.