మా తోడల్లుడు మీటిన తీగ

మా తోడల్లుడు గిటారు అందుకోగానే కళ్లు మూసుకుని ఒక్క తీగ మీటేవాడు. ఆ మోత పూర్తిగా ఆగేదాకా మా ఆవిడ ఊపిరి కూడా తీసేది కాదు. నాకు కడుపు మండేది.

ఆ గిటారు తగిలించే వాల్వుల ఆంప్లిఫయర్ నాది. అందులో మోతను సాగదీసే స్ప్రింగుల డబ్బా పాడైతే, బేరమాడి కొత్తది తెచ్చి, వేళ్లు కాల్చుకుంటూ టంకం పెట్టి బిగించిందీ నేనే. శామీర్‌పేట నుంచి అతనొచ్చి తీగ మీటాడు. "మా మరిది చేతుల ఏమున్నదో!" అని మురిసిపోతూ ఆవిడ చాయ్ పెట్టడానికి వెళ్లింది.

అతను కళ్లు తెరిచాడు. "డబ్బా నువ్వే మార్చినవా అన్నా? మస్తు మోగుతాంది. నాది గూడ మార్చి పెడ్తవా?"

కూలి బేరమాడాల్సిన నోటితో, "జర గట్టిగ అడుగు తమ్మీ, మీ వదిన వంటింట్ల ఉంది" అన్నాను.