కె.ఆర్.పురంలో పడవ దింపాం

ఆ రోజుల్లో బెంగళూరులో ఉద్యోగం దొరకడం తేలికే, సముద్రం దొరకడమే కష్టం. ఈ సంగతి మా బాబాయికి బాగా తెలుసు. భీమిలి దగ్గర తుపానుకు పడవ ముక్కలైపోయాక, పిన్నితో వచ్చి కె.ఆర్.పురంలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. డిగ్రీ అయ్యాక నేనూ వాళ్ళ గదిలోనే దూరాను. మొదటి ఉద్యోగంలో చేరడానికని పాత స్కూటరొకటి కొంటే, బాబాయి దాని చుట్టూ తిరిగి తిరిగి చూసి, "కొత్త పడవని పూజ సెయ్యకుండా దింపేత్తావేట్రా?" అన్నాడు. "ఇది స్కూటరు బాబాయ్!" అన్నాను. "నాకు కళ్ళు కనపడతాయిలే" అన్నాడు.

చేరాల్సిన రోజు పొద్దున్నే హెడ్‌లైటుకు పసుపు పూసి, బొట్టు పెట్టి, హ్యాండిల్‌కు వేపమండలు కట్టారు. గంగమ్మ పేరు చెప్పి చల్లడానికి సముద్రపు నీళ్ళు కావాలి కదా, పిన్ని చెంబుడు బోరు నీళ్ళలో గుప్పెడు కల్లుప్పు కలిపి సముద్రం తయారుచేసింది. (చేపల పులుసు కాచే చెయ్యి, ఉప్పు సరిగ్గా పడింది.) కొబ్బరికాయ కొట్టాక నేను కిక్కు కొట్టబోతే బాబాయి నా కాలు పట్టుకున్నాడు. కొత్త పడవను వాడంతా కలిసి చేతులతో నెట్టాలట. మా వాడ అంటే బాబాయి, పిన్ని, ఇస్త్రీబండాయన. ముగ్గురూ "హైలెస్సా" అంటూ నెడుతుంటే ఒక ఆటో ఆయన ఆగి, జాలిగా, "ఏమప్పా, పెట్రోల్ ఖాళీనా? బంకు పక్కలోనే ఉండాది" అన్నాడు.

బాబాయి మొహం మాడిపోయింది. నీళ్ళలోకి దిగే పడవను ఎదురొచ్చి ప్రశ్న అడగకూడదు, అడిగితే పూజ మళ్ళీ మొదటికే. "ఎనక్కి తిప్పండ్రా!" మళ్ళీ పసుపు, మళ్ళీ ఉప్పునీళ్ళు. "ఆఫీసులో ఏం చెప్పమంటావ్?" అంటే, "సంద్రం పోటు కోసం ఆగేమని సెప్పు" అన్నాడు. ఈసారి ఆటో ఆయన్ని కూడా నెట్టడానికి పెట్టాడు (నెట్టేవాడు ప్రశ్నలడగడు కదా).

పడవైతే మొదటి అల దాటగానే చేతులు వదిలేస్తారు. ఓల్డ్ మద్రాస్ రోడ్డులో అలలేవీ? మిగతావాళ్ళు ఆయాసంతో ఆగిపోయారు. బాబాయి ఒక్కడే వెనకసీటు మీద చెయ్యేసి, "కుడికి పట్రా, కుడికి!" అని అరుస్తూ పరిగెత్తుకొస్తున్నాడు. ఇక వదలమని చెబుదామని తిరిగి చూశాను. పడవ పోయాక ఆయన మొహం అలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. కిక్కు కొట్టకుండా, కాళ్ళతో నేలను తన్నుకుంటూ ఇంకాస్త దూరం పోనిచ్చాను.

బాబాయి ఇప్పుడు లేడు. మొదటి రోజే ఆలస్యంగా వెళ్ళి చీవాట్లు తిన్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇంకో ఫర్లాంగు ఆలస్యం చేసి ఉండాల్సింది, వెధవ.