చెప్పుల పక్కన చోటు

నిన్న శాలిబండలో ఒక ట్యూషన్ గుమ్మం ముందు పిల్లల చెప్పుల కుప్ప చూసి ఆగిపోయాను. ఎండకు కాగిన ఆ రబ్బరు వాసన మీలో ఎవరికైనా గుర్తుందా?

చిన్నప్పుడు ట్యూషన్‌లో మా ఇంగ్లిష్ సారు 'గెట్' అని ఒక్క మాట ఇచ్చేవారు. వరసగా ఒక్కొక్కరూ దానికి కొత్త అర్థం చెప్పాలి. ఒకరు చెప్పింది మరొకరు చెప్పకూడదు. చెప్పలేకపోతే వెళ్లి చెప్పుల పక్కన కూర్చోవాలి. మూడుసార్లు అలా కూర్చుంటే ఇంటికి కబురు పంపేవారు. నాకు అప్పటికే రెండుసార్లు అయింది. పాలు అమ్మే మా బాపు ముందే చెప్పాడు: "సార్ కాడికెల్లి కబురొచ్చిందా, ట్యూషన్ బంద్. బర్లకాడ పేడ తియ్యి."

ఆ రోజు పొందడం, తేవడం, కొనడం, దొరకడం అన్నీ ముందువాళ్లే చెప్పేశారు. నా దగ్గర మిగిలింది 'చేరుకోవడం' ఒక్కటే. నాకంటే ముందు నా స్నేహితురాలు నస్రీన్ వంతు. ఆమె కూడా అదే చెబితే నా పని అయిపోయినట్టే. నస్రీన్ లేచి నిలబడి ఒకసారి నా ముఖంలోకి చూసింది.

"యాద్ లేదు సార్," అంది.

వెళ్లి చెప్పుల పక్కన కూర్చుంది. నేను గబుక్కున లేచి 'చేరుకోవడం' అన్నాను. సారు తలూపారు. ఆ సాయంత్రమంతా నాకు ఒకటే సంతోషం.

మర్నాటి నుంచి నస్రీన్ రాలేదు. ఆమెకు అది మూడోసారట.

'చేరుకోవడం' అనే ఆ అర్థాన్ని ముందురోజు వాళ్లింటి మెట్ల మీద కూర్చోబెట్టి నాతో బట్టీ పట్టించింది నస్రీనే.