మంచం చుట్టూ వాదన

కువైట్‌లోని బ్నీద్ అల్ గార్‌లో నేను పనిచేసే ఇంట్లో, మామా అని నేను పిలిచే యజమానురాలి వాళ్లమ్మకు క్యాన్సర్ ఎముకలకు పాకి మంచం పట్టింది. స్నానం, తిండి, మందులు అన్నీ నేనే చూసేదాన్ని. శుక్రవారం వస్తే చాలు, చుట్టాలంతా ఆమె మంచం చుట్టూ చేరి అదే వాదన పెట్టుకునేవారు. యూరప్‌లో అయితే అడిగినవాళ్లకు డాక్టర్లే మందిచ్చి బాధ తప్పిస్తారని మనవడు అనేవాడు. అది హరామని, ప్రాణం తీసే హక్కు అల్లాకే ఉందని కొడుకు అరిచేవాడు.

వంటగదిలోకి వెళ్తే అక్కడా అదే గోల. "ఎన్నాళ్లు పడతాదక్కా ఈ బాధ? ఒక సూదేస్తే ఖలాస్ కదా!" అంది మా రాయచోటి వంటామె.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ యమ్మకు చెవులు బాగనే ఇనపడతాయి. ఒక్కరన్నా ఆమెను అడిగినారా?" అన్నాను.

చుట్టాలు వెళ్లిపోయాక, వచ్చిన అరబీలో నేనే అడిగాను. "నీకేం కావాలమ్మా?"

పెద్దామె కళ్లు తెరిచింది. "ఉండాలో పోవాలో నాకే ఇంకా తేలలేదు. వాళ్లలా అరుస్తుంటే ఎలా ఆలోచించుకోను? ఇకమీదట హాల్లో కూర్చోమను."

మామాకు అదే చెప్పాను. ఆమె నవ్వబోయి ఏడ్చేసింది.

మరుసటి శుక్రవారం చుట్టాలు హాల్లో కూర్చునే అరుచుకున్నారు. నేను గది తలుపు వేసి, పెద్దామె కాళ్లకు నూనె రాశాను.